నీరు నిలిచే వేళ

నా పేరు నూకరత్నం. వయసు డెబ్బై ఒకటి, ఒకటి రెండు అటూ ఇటూ. ఉండేది తెప్పలవాడలో, పాత సెల్ టవరు కొనకు తాడేసి కట్టిన నాలుగో తెప్ప మీద. మా తెప్ప అడుగున ఒకప్పుడు బస్టాండు ఉండేదట, ఇప్పుడక్కడ చేపలు ఎక్కి దిగుతున్నాయి. ఇంట్లో ముగ్గురం. నేను, నా చెల్లెలు గజలక్ష్మి, నా కూతురు సౌగంధి. పుట్టిన రోజున మా ముగ్గురినీ మగపిల్లలని రాసుకున్నారు. తప్పు రాసుకున్నవాళ్లది. రెండు బాతులు కూడా ఉన్నాయి గాని ఈ కేసుతో వాటికి సంబంధం లేదు.

నాకు అక్షరం రాదు. గోడలూ చాపలూ మాట్లాడే కాలంలో బతికినదాన్ని, అక్షరంతో నాకు పని పడలేదు. ఇప్పుడు పడింది. ఎవరి గొంతునైనా యంత్రాలు ఎత్తుకుపోయి ఏదైనా పలికిస్తున్నాయి కనక, కాగితం మీద రాసి, వేలిముద్ర వేసి, ప్రాణమున్న ఇద్దరు సాక్షులను నిలబెడితేనే మాట చెల్లుతుందని మీరే చట్టం చేశారు. అందుకే పంచాయితీ రాతగాడు భూషణాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. కొన్నిచోట్ల అతని చెవులు ఎర్రబడతాయి. అయినా రాస్తాడు.

వైద్యనౌక తోడు సంఘం వారికి నేను అడిగేది ఒక్కటే. నా కూతురు సౌగంధికి ఓడలో రెండోసారి ఆపరేషన్ జరిగింది. అది మానేదాకా, నలభై రోజులు, ఆమె మంచం పక్కన నాకు చోటు కావాలి. మీరు కుదరదన్నారు. రెండు కారణాలు చెప్పారు. ఒకటి, నేను ఆమెకు ఏమీ కాను. రెండు, మొదటిసారి నయం కాకపోవడానికి కారణం నేనే.

రెండోది నిజం. మొదటిది అబద్ధం.

నా చేతిలో ఉన్నది వలతాడు. సౌగంధి ఇంటికొచ్చిన రోజు నుంచి రోజుకో ముడి వేశాను. ముడికి ఎన్ని చుట్లున్నాయో అది ఆ రోజు లెక్క. ఏం లెక్కో ముందు ముందు చెబుతాను. ఎర్ర దారం కనబడితే ఆ రోజు నెత్తురు పడిందని. మీరిచ్చిన మాట్లాడే చాప దగ్గర మీ రికార్డు ఉంటుంది. ఇది నాది. ఇది పట్టుకుని చెబుతాను.

మొదటి ముడి

ఆపరేషన్ అయిన ఏడో రోజున ఓడ పడవ ఆమెను మా తెప్ప మీద దింపింది. రెండు కాళ్లూ ఎడం చేసి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. గజలక్ష్మి వాకిట్లో చేపలు తోముతూ చూసింది.

“మనకి బాతులు రెండే అనుకున్నానక్కా. మూడోది ఎప్పుడు కొన్నావు?”

“నవ్వించకే పిన్నీ, కుట్లు లాగుతున్నాయి,” అంది సౌగంధి, నవ్వుతూనే.

పడవలో వచ్చిన నర్సు నాలుగు వస్తువులు అప్పజెప్పింది. పడుకుంటే ఒంటి వేడి, నాడి చూసి ఓడకు చెప్పే చాప. డైలేటర్ల పెట్టె. మేము కడ్డీలంటాం. వేలంత దాని నుంచి పెద్దదాకా వరసగా అయిదు. జారుడు మందు ట్యూబు. నాలుగోది చేతి అద్దం.

“రోజూ పొద్దున్న ఇందులో కింద చూసుకోవాలి. తను చూసినదే అక్కడ డాక్టరు గారికీ కనబడుతుంది,” అని చెప్పి నర్సు వెళ్లిపోయింది.

ఓడలో పెంచిన లేత చర్మంతో లోపల ఆడవాళ్లకుండే దారి కట్టారు. కొత్త దారి గాయం లాంటిదే, వదిలేస్తే మూసుకుపోవాలనే చూస్తుంది. రోజుకు నాలుగు సార్లు కడ్డీ పెట్టి, నువ్వు గాయానివి కావు దారివి అని దానికి చెబుతూ ఉండాలి. ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు. సౌగంధికి ముందు పదకొండు మందిని నా చేతుల మీద లేపాను. వాళ్ల కాలంలో ఈ అద్దం లేదు.

అద్దాన్ని ఆ సాయంత్రమే ఉప్పుచేపల జాడీ వెనక దాచాను. ఎందుకు దాచానో చెబుతాను.

నేల ఉన్న కాలంలో, పందొమ్మిదేళ్లప్పుడు, రైలుపట్టా పక్కన పాకలో నాకు కత్తి పడింది. డాక్టరు లేడు. మా కులంలో పెద్దది ఒకావిడ కోసింది. తీసేయడమే ఆ కాలంలో పని. దారి కట్టడం ఎవరికీ తెలియదు. నలభై రోజులు నన్ను మా గురువు కామాక్షమ్మ ఒళ్లో పెట్టుకుంది. వేన్నీళ్లు, నూనె గుడ్డ, మిరియాల చారు. మా కన్నతల్లి తలుపేసిన ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. నలభై రోజులూ ఒక మనిషి చెయ్యి నా మీద నుంచి తీయలేదు. ఆ రోజుల్లో అద్దం చూడకూడదు. చూస్తే పాత ముఖం తిరిగొచ్చి అతుక్కుంటుందని మా వాళ్ల నమ్మకం. నలభై ఒకటో రోజున పసుపు పూసి, తలంటి, ఎర్ర చీర కట్టి అప్పుడు అద్దం చేతికిచ్చింది. “చూసుకోవే. నీ ముఖం నీకొచ్చింది,” అంది.

అలాంటి పొద్దు నాకు మళ్లీ రాలేదు. నా కూతురికి అదివ్వాలనుకున్నాను. మధ్యలో ఓడ వచ్చి తొంగిచూడటం నాకు నచ్చలేదు. అంతే.

మూడో ముడి

చాప ఆడగొంతుతో మాట్లాడుతుంది. మహా మర్యాద. “ఉదయం ఆరు గంటలైంది. దయచేసి ప్రక్రియ ప్రారంభించండి,” అంటుంది. ఆ వేళకు పోటు ఎక్కుతూ ఉంటుంది. తాడు టవరును గుంజుతుంది, తెప్ప వణుకుతుంది. పిల్ల మోకాళ్లు పైకెత్తి పడుకుని, చేతిలో కడ్డీ పట్టుకుని, తెప్ప కుదిపినప్పుడల్లా పళ్లు బిగిస్తోంది.

“ఆగవే. తీసేయ్,” అన్నాను.

“నిర్ణీత సమయం మించిపోతోంది,” అంది చాప.

“నీకు కాళ్లున్నాయా? నువ్వు కోయించుకున్నావా? మాట్లాడకు.”

చాప నిజంగానే ఊరుకుంది. సౌగంధి కడుపు పట్టుకుని నవ్వింది.

నీరు నిండా ఎక్కి, దిగబోయే ముందు కాసేపు నిలుస్తుంది. పూర్తిగా దిగి, ఎక్కబోయే ముందు మళ్లీ నిలుస్తుంది. రోజుకు నాలుగు సార్లు. నా కళ్లకు పొరలు కమ్మాయి గాని అరికాళ్లకు తెలుస్తుంది. తెప్ప ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. ఎసట్లో పోసిన గింజ ఉడికేంత సేపు. కడ్డీ లోపల ఉంచాల్సింది కూడా అంతసేపే. మొదటిసారి తోచినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. సముద్రం కూడా రోజుకు నాలుగు సార్లే అంటోంది.

“నోరు తెరిచి ఊపిరి వదులు. నోరు బిగిస్తే కిందా బిగుస్తుంది. ముందు నడుం వైపు పోనీ. ఎముక దాటాక తిన్నగా. తొయ్యకు, ఆనించు. అదే పోతుంది.”

పోయింది. కడ్డీ మీద చుట్టూరా రింగులు ఉంటాయి, ఎంత లోతు వెళ్లిందో తెలియడానికి. “అయిదో రింగమ్మా,” అంది. ముడికి అయిదు చుట్లు వేశాను. నేను చెప్పిన లెక్క అదే.

ఆ రోజు నుంచి చాప గడియారం మానేశాం. నీరు నిలిచే వేళ రోజూ కొంచెం జరుగుతుంది. ఒక్కోసారి ఒకటి చీకట్లో పడుతుంది. అయినా లేపేదాన్ని.

తొమ్మిదో ముడి

తెప్పలవాడలో మనిషికి రోజుకు రెండు బిందెల మంచినీళ్లు. గాయానికి రోజూ రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ల తొట్టి కావాలి. కడ్డీలు కడగాలి. ఉప్పునీళ్లు పనికిరావు. గజలక్ష్మి స్నానం మానేసింది.

“నా దగ్గరకి రాకండి. పదిరోజులు ఆగితే చేపలే నన్ను చూసి పారిపోతాయి,” అని తన బిందె తెచ్చి తొట్టిలో పోసింది.

అదే రోజు సౌగంధి మరుగులోంచి కేకేసింది. “అమ్మా, అడ్డంగా పోతోంది. గోడంతా తడిసిపోయింది.”

“వాపు తగ్గితే తిన్నగా అవుతుందే. అప్పటిదాకా గోడకి స్నానం అనుకో.”

“గోడకైనా దొరికింది,” అంది గజలక్ష్మి.

బాగున్న రోజులవి. సౌగంధి మధ్యలో కన్నం ఉన్న గాలిదిండు మీద రాణిలా కూర్చుని వలలు అల్లేది. బరువెత్తనిచ్చేదాన్ని కాదు. తల దువ్వేదాన్ని. నా గురువు నాకు చెప్పిన కబుర్లన్నీ ఆమెకు చెప్పాను. పద్నాలుగేళ్లప్పుడు పడవ దిగి మా తెప్ప మీదికొచ్చిన పిల్ల. చేతిలో ఒక చెప్పు మాత్రమే ఉంది. నా చేత్తో పాలు తాగించి, నలుగురినీ పిలిచి, కూతురిని చేసుకున్నాను. మాలో అదే కాన్పు. పురిటినొప్పులు లేవనుకుంటున్నారేమో. తర్వాత వస్తాయి.

పద్నాలుగో ముడి

“అమ్మా, ఎలా ఉంది?” అని అడిగింది. తొట్టిలో కూర్చుని ఉంది.

“బాగుంది.”

“నువ్వు చూశావా?”

“నా కళ్లకి నీ ముక్కే కనబడదు. వాసన చూస్తున్నాను కదా. చీము పడితే నాకు తెలియకుండా పోదు.”

అది నిజం. పదకొండు మంది గాయాల్ని ముక్కుతోనే కాపాడాను. రోజూ గుడ్డ తీసి వాసన చూసేదాన్ని.

కాసేపు నీళ్లు కదిపింది. “నర్సు నీకేదో అద్దం ఇచ్చింది కదా. చాప కూడా రోజూ అడుగుతోంది. ఏదమ్మా అది?”

“నీళ్లలో పడిపోయింది,” అన్నాను.

భూషణం కలం చప్పుడు ఆగింది. రాయి నాయనా. నీళ్లలో పడిపోయిందని నా కూతురితో చెప్పాను. ఆమె నమ్మింది. నా మాట నమ్మకపోవడం ఆమెకు తెలియదు.

“నువ్వు నీది ఎప్పుడైనా చూసుకున్నావా అమ్మా?”

“చూడటానికి ఏముందే.”

“నాకు చూసుకోవాలనుంది. ఇరవయ్యారేళ్లు కళ్లు మూసుకుని స్నానం చేశాను. ఇప్పుడు తెరవాలనుంది.”

“నలభై ఒకటో రోజున తెరుద్దువు గాని,” అన్నాను. పెట్టెలో ఎర్ర చీర ఉంది. చూపించాను. ఆమె చీర కొంగు చెంపకు ఆనించుకుంది.

పందొమ్మిదో ముడి

ఇక్కడ ఎర్ర దారం ఉంది. కడ్డీ తీస్తే చివర నెత్తురు. మంట అంది. వాసన చూశాను. ఏమీ లేదు. నీళ్లు కాచి కడిగాను.

“దయచేసి అద్దం ద్వారా చూపండి,” అంది చాప. మూడుసార్లు అంది. మీ రికార్డులో ఉంటుంది.

చుట్లు నాలుగే ఉన్నాయి చూడండి. ఆ రోజు నాలుగో రింగు దాటలేదు. వాపేమో అన్నాను.

ఇరవై మూడో ముడి

మూడు చుట్లు. ఎర్ర దారం. వాపే అన్నాను మళ్లీ. సౌగంధి ఒప్పుకున్నట్టు తలూపింది. కడ్డీ పెట్టే వేళ వస్తుంటే ఆమె పాదాలు చల్లబడటం నా చేతికి తెలుస్తోంది. తెలిసీ ఊరుకున్నాను. ఇంకా పద్దెనిమిది రోజులు, అంతే కదా అనుకున్నాను. నా మీద సాక్ష్యం నేనే పేనుకుంటూ వచ్చాను. మీ చేతికే ఇస్తాను తాడు, చూసుకోండి.

ఇరవై ఏడో ముడి

గజలక్ష్మి కూరకు ఉప్పుచేప తీయబోయి జాడీ జరిపింది.

“అక్కా, ఇదేంటే?”

ఆమె గొంతు మామూలుగా ఉండదు, అవతలి తెప్పకు వినబడుతుంది. సౌగంధి వలలు పక్కన పెట్టి లేచి వచ్చింది. అద్దం తీసుకుంది. నా వైపు చూసిందో లేదో, నా కళ్లకు తెలియలేదు. లోపలికెళ్లి చాప మీద పడుకుంది. నేను గుమ్మం దగ్గర వీపు తిప్పుకుని కూర్చున్నాను. తలుపు వేయమనలేదు, వెళ్లిపొమ్మనలేదు.

నీరు నిలిచింది, మళ్లీ దిగడం మొదలుపెట్టింది.

“అమ్మా,” అంది. “ఎర్రగా ఏదో పెరిగింది. కింద కుట్టు విడిపోయింది.” మళ్లీ, “కానీ అమ్మా, నేనే. నేనే ఉన్నాను ఇక్కడ,” అంది.

ఏడుస్తోంది. నొప్పికి ఏడ్చే ఏడుపు నాకు తెలుసు. ఇది అది కాదు. ఆ మాట నలభై ఒకటో రోజున, ఎర్ర చీరలో, నా ముఖం చూస్తూ అంటుందని ఎన్నాళ్లనుంచో ఎదురుచూశాను. నా వీపుకు చెప్పింది.

గంట తిరక్కుండా పడవ వచ్చింది. డాక్టరు రెహానా గారు స్వయంగా వచ్చారు. చిన్న మనిషి, మాట మెత్తన. లోపల దుర్మాంసం పెరిగిందని, దాని మంటకు పిల్ల బిగుసుకుపోతుంటే దారి ముడుచుకుపోయిందని చెప్పారు. మళ్లీ కోసి సరిచేయాలి, ఓడలోనే నలభై రోజులుండాలి అన్నారు.

“ముందే చూసుంటే?” అని అడిగాను.

ఆవిడ చెప్పడానికి ఇష్టపడలేదు. నేను వదల్లేదు.

“మొదట్లోనే కనబడుంటే మందుపుల్లతో అంటించి పంపేసేవాళ్లమండి. రెండు నిమిషాల పని.”

దుర్మాంసానికి వాసన ఉండదు. ఈ మాట తెలియడానికి డెబ్బై ఏళ్లు పట్టింది నాకు. ఇది కూడా రాయి భూషణం, ఇంకో ముసలిది ఎవరైనా ఉంటే వినిపిస్తారు. ముక్కును నమ్ముకోకండి. వెలుతురు పెట్టి చూడండి.

పిల్లను పడవలోకి దించారు. వెనకాలే నేనూ కాలు పెట్టాను. పడవవాడు అడ్డం వచ్చాడు.

“మీరేమవుతారండి?”

“అమ్మని.”

“అంటే, కన్నారా?”

“మీ అమ్మ నిన్ను కని పాలిచ్చింది కదా,” అంది గజలక్ష్మి వెనక నుంచి. “మా అక్క పాలిచ్చి కన్నది. వరస తేడా, అంతే. జరుగు.”

వాడు జరగలేదు. రూలు చదివాడు. కన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు, కడుపున పుట్టినవాళ్లు. సౌగంధిని కన్నవాళ్లు ఎక్కడున్నారో వాళ్లకే తెలియాలి. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

“నీళ్లలో పడిందన్నావమ్మా,” అంది.

అద్దం దాచినందుకు కాదు ఆ మాట. నాకు అర్థమైంది. పడవ వెళ్లిపోయింది.

ఖాళీ ముడులు

అక్కడి నుంచి తాడు మీద ముడులే ఉన్నాయి, చుట్లు లేవు. చేతికి అలవాటు. నీరు నిలవగానే అరికాళ్లకు తెలుస్తుంది, లేచి కూర్చుంటాను. నోరు తెరిచి ఊపిరి వదులు అని నాకు తెలియకుండానే అంటాను. ఎదురుగా ఓడ ఉంటుంది, తెల్లటి మరకలా. ఏ కిటికీ ఆమెదో తెలియదు. అందుకని మొత్తం ఓడనే చూస్తాను. గాలిదిండు మీద బాతు ఎక్కి కూర్చుంటే గజలక్ష్మి తోలబోయింది. ఉండనీ అన్నాను.

మూడో ఖాళీ ముడి రోజున గజలక్ష్మిని అద్దం అడిగాను. ఆమె బొట్టు పెట్టుకునే అద్దం, మూల పగిలింది. దీపం ముందు పెట్టించి ఆమెను బయటికి పంపాను. యాభై రెండేళ్ల తర్వాత మొదటిసారి కింద చూసుకున్నాను. పొరల కళ్లతో, అద్దం ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని.

భూషణం, తల దించుకుంటే దించుకో, చెయ్యి ఆపకు.

కుట్టు వంకరగా ఉంది. పాత గోనెసంచికి తొందరలో వేసిన కుట్టులా ఉంది. దారి లేదు. చెయ్యి పెట్టి చూశాను. ఇన్నేళ్లూ దాని మీదే కూర్చుని, దాని మీదే బతికి, అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. అసహ్యం వేస్తుందనుకున్నాను. వేయలేదు. పాపం అనిపించింది. పందొమ్మిదేళ్ల పిల్లది అది. దానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నేనూ ఎప్పుడూ పలకరించలేదు.

నాకూ కావాలనిపించింది. సౌగంధికి ఉన్నది. అయిదో రింగు, వేన్నీళ్లు, అడ్డంగా పోయే ఉచ్చ, అన్నీ. వయసు దాటిందంటారు, నా గుండె మత్తుమందుకు ఆగదని ఓడ డాక్టర్లు పదేళ్ల క్రితమే చెప్పారు. నేను అడగడం లేదు. ఆశ ఉందని మాత్రం రాయి. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

అప్పుడు తెలిసింది, ఆమె ఎందుకు అద్దం అడిగిందో.

నిన్నటి ముడి

ఖాళీ చాప నిన్న మాట్లాడింది. ఉలిక్కిపడ్డాను. ఎప్పటి ఆడగొంతు కాదు, డాక్టరు రెహానా గారిది. నిజంగా ఆవిడేనా అని అనుమానం వచ్చి, మా బాతులు ఎన్నని అడిగాను. “రెండండి. ఒకటి నా చెప్పు కొరికింది,” అన్నారు. ఆవిడే.

“అమ్మా, మీ అమ్మాయికి లోపలి కట్టు తీసేశాం. నిన్నటి నుంచే డైలేటర్ మొదలుపెట్టాల్సింది. గంట కొడితే చేయడం లేదండి. నీరు నిలిచినప్పుడు చేస్తానంటుంది. ఇంత పెద్ద ఓడలో నీరు నిలిచింది ఎలా తెలుస్తుంది చెప్పండి? అడిగితే, మా అమ్మకి తెలుస్తుంది, అమ్మనడగండి అంటోంది.”

అమ్మనడగండి అందట. మళ్లీ చెప్పమన్నాను. ఆవిడ మళ్లీ చెప్పారు. గజలక్ష్మి వినలేదేమోనని మూడోసారి కూడా చెప్పించుకున్నాను.

సాయంత్రం నీరు నిలవగానే చాపకు నోరు ఆనించి, “నిలిచింది,” అన్నాను. అవతల నుంచి ఊపిరి వదిలిన చప్పుడు. నోరు తెరిచి వదిలిన ఊపిరి. నాకు తెలుసు ఆ ఊపిరి. అది సౌగంధి గొంతేనని యంత్రాలు అబద్ధం ఆడొచ్చు గాని, ఊపిరి అలా వదలడం నేను నేర్పింది.

గింజ ఉడికేంత సేపయ్యాక, “అయిదు,” అంది. చాప ఆగిపోయింది.

ఈ ముడికి అయిదు చుట్లు ఉన్నాయి. లెక్కపెట్టుకోండి.

ఇవాళ

పొద్దున్న కూడా “నిలిచింది” అన్నాను. మధ్యాహ్నం కూడా. ఎల్లుండి ఓడ లంగరెత్తి బందరు తెప్పల వైపు పోతుందని భూషణం చెప్పాడు. అక్కడ నీరు నిలిచే వేళ వేరు. ఇక్కడ కూర్చుని ఇక్కడి నీళ్ల వేళ చెబితే ఆమెకు పనికిరాదు. తప్పు వేళకు చెబుతాను. ఒకసారి ఆమెకు తప్పు చెప్పాను, చాలు. నా అరికాళ్లు ఆ ఓడ మీదే ఉండాలి, అడుగు అంతస్తులో, నీటికి దగ్గరగా ఎక్కడైనా సరే. గోనె పరిచినా పడుకుంటాను.

మీరు భయపడేది అద్దం గురించి అయితే, అద్దం నేనే పట్టుకుంటాను. పొద్దున్నే, వెలుతుర్లో, ఆమె చూడమన్న వైపు చూస్తాను, తిప్పుకోమంటే తిప్పుకుంటాను. కనబడింది కనబడినట్టు డాక్టరు గారికి చెబుతాను. ఎర్ర చీర నలభై ఒకటో రోజు దాకా ఆగనక్కర్లేదు, ఆమె కట్టుకుంటానన్న రోజున కడుతుంది. మా గురువు బతికుంటే తిట్టేది. తిట్టనీ.

నేను ఆమెకు ఏమీ కానన్న మాటకు జవాబు నేను చెప్పను. చెబితే నా మాటే అవుతుంది. రెండో సాక్షి చోటు ఖాళీగా వదలమన్నాను. భూషణం ఒప్పుకోలేదు, ఇక్కడే ఎవరినైనా పిలుద్దామన్నాడు. వద్దన్నాను. ఈ కాగితం ఓడకు వెళ్తుంది. నేను అద్దం దాచిన సంగతి, అబద్ధం ఆడిన సంగతి మొదటి నుంచి చివరిదాకా ఆమెకు చదివి వినిపిస్తారు. విన్నాక ఇష్టమైతే చెయ్యి పెడుతుంది. పెట్టకపోతే సాక్షి ఒక్కరే అవుతారు, కాగితం చెల్లదు, నేను మా తెప్ప మీదే ఉంటాను. అప్పుడు మీ దగ్గరికి మళ్లీ రాను. తాడు మాత్రం వెనక్కి పంపించండి.

పైన రాసిందంతా నేను చెప్పగా రాసింది, నాకు చదివి వినిపించారు, సరిగ్గా ఉంది. ఉచ్చ అన్నచోట భూషణం ఇంకో మాట రాస్తే కొట్టేయించి మళ్లీ రాయించాను.

నూకరత్నం ఎడమ బొటనవేలి ముద్ర ✕

రాసింది: భూషణం, తెప్పలవాడ పంచాయితీ రాతగాడు.

మొదటి సాక్షి: గజలక్ష్మి, నూకరత్నం చెల్లెలు, నాలుగో తెప్ప.

రెండో సాక్షి: సౌగంధి, నూకరత్నం కూతురు, వైద్యనౌక, పన్నెండో మంచం. నీరు నిలిచిన వేళ పెట్టిన సంతకం.